రాణి రంగు

చీర మగ్గం మీది నుంచి కోసిన రోజు సాయంత్రమే ఆ ఆహ్వాన పత్రిక నా ఫోన్లోకి వచ్చింది. పత్రిక నిండా రాణిగారి బొమ్మ. రాణిగారు కట్టుకున్నది నీలం చీర. మేము నెలన్నర కూర్చుని నేసి, తెల్ల పంచె పరిచి మంచం మీద పెట్టుకున్నది రాణి రంగు చీర.

రాణి రంగు తెలియని వాళ్లకు చెబుతాను. గులాబీ కంటే ముదురు, ఎరుపు దాకా పోకుండా కొంచెం ఇవతలే ఆగుతుంది. దూరం నుంచి చూసినా కళ్లలో పడుతుంది. గద్వాలలో ఏ అద్దకం ఆయన్ను అడిగినా ఇంకో మాట లేకుండా అదే రంగు తీసి చూపిస్తాడు. రాయచూరు నుంచి వచ్చే బేరగాళ్లకు తెలుగు సరిగా రాదు, వాళ్లు కూడా 'రాణి' అనే అంటారు. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. అదే మాట నా కొంప ముంచింది.

బిజినేపల్లి దాటినాక ఒక ఊళ్లో ఆడపిల్లల బడి ఉంది. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ఇదంతా విన్నాక మీకే తెలుస్తుంది. ఒకప్పుడు ఆ నాలుగు ఊళ్లను ఏలిన చిన్న సంస్థానం రాణిగారు పెట్టించిన బడి అది. వందేళ్లు నిండాయని పాత విద్యార్థులంతా కలిసి పండుగ చేయాలనుకున్నారు. ఆ బడి హాల్లో రాణిగారి పటం ఉంది. ఎవరో చిత్రకారుడు రంగులతో వేసిన బొమ్మను అప్పట్లో ఏదో పెద్ద ఊరి ప్రెస్సులో అచ్చు వేయించి, సంస్థానంలోని బడులకూ కచేరీలకూ పంచారట. చేత్తో వేసిన అసలు బొమ్మ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అచ్చు కాపీల్లో మిగిలింది ఈ ఒక్కటే. పటంలో రాణిగారు కట్టుకున్నది గద్వాల చీర. అలాంటిదే ఒకటి నేయించి పటం పక్కన అద్దాల పెట్టెలో పెట్టాలని కమిటీ పెద్ద సుభద్రమ్మ టీచరు అనుకుంది. వనపర్తిలో చేనేత మేళా జరిగినప్పుడు నేను రెండు చీరలు పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. అక్కడ నన్ను చూసి నెంబరు రాసుకుని, తర్వాత ఫోన్ చేసి చీర నేయమంది.

ఆ ఫోను మా ఇంటికి ఎంత పెద్ద సంగతో చెప్పాలి. మా ఆయన తుకారాం, ఆయన తండ్రి, ఆ తండ్రి తండ్రి, అందరూ షావుకారికే నేశారు. పట్టు ఆయనది, జరీ ఆయనది, డిజైను ఆయనది. చీర అయ్యాక దాని మీద ఆయన దుకాణం చీటీ అంటిస్తారు. కట్టుకున్న మనిషికి మేమెవరమో తెలియదు, మాకు ఆ మనిషెవరో తెలియదు. టీచరమ్మ ఆర్డరు మాకు నేరుగా వచ్చిన మొదటి ఆర్డరు. షావుకారికి చెబితే నవ్వాడు.

“చేస్కోండ్రి, చేస్కోండ్రి. మల్ల నా దగ్గరికే వస్తరు గద” అన్నాడు.

“మల్ల రానే రాము” అన్నాను నేను. అంత మాట ఎందుకు అన్నావని తుకారాం దారి పొడుగునా గొణిగాడు. నా నోరు అంతే. ముందు మాట బయటికి వస్తుంది, తర్వాత నేను వింటాను.

ఈ చీర వాపసు వస్తే తలవంచుకుని మళ్లీ ఆ మెట్లెక్కాలి. అందుకే పత్రిక చూడగానే నాకు ముందుగా గుర్తొచ్చింది రాణిగారు కాదు, షావుకారి నవ్వు.

తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. టీచరమ్మ పటానికి జిరాక్సు తీసి పంపింది. నలుపు తెలుపుల్లో కోట గోడ పళ్లలా పైకి లేచిన అంచు, కొంగు స్పష్టంగా ఉన్నాయి. తర్వాత ఫోన్ చేసింది.

“కమలమ్మా, జిరాక్సు అందిందా?”

“అందింది టీచరమ్మా. కోటకొమ్మ అంచు. మంచిగ కనబడుతున్నది.”

“జిరాక్సుల రంగు రాదు గద, అందుకే నోటితోని చెప్తున్న. అచ్చం రాణి రంగే ఉండాలె. జర గూడ తేడా రావొద్దు.”

“రాణి రంగు మాకు కొత్తనా టీచరమ్మా? కండ్లు మూస్కోని నేస్తం.”

“వద్దు తల్లీ, కండ్లు తెర్చుకోనే నెయ్యండి” అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె చెప్పింది రాణిగారి చీర రంగు. నేను విన్నది మా రాణి రంగు. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరం సంతోషంగా ఫోన్ పెట్టేశాం.

“ఒక్క రంగుల ఫోటో పంపమనకపోయినవా?” అని తుకారాం అప్పుడే అడిగాడు.

“రాణి రంగుకు ఫోటో ఏంది? ఎవ్వలన్న వింటె నవ్వుతరు” అని కసిరాను. 

గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసేచోట పోగులో పోగు మెలేసుకుంటూ పోవాలి, అందుకని మగ్గం మీద ఒక్కరు చాలరు. ఆయన నేస్తుంటే నేను పక్కన కూర్చుని పోగు చుట్టిన నాడె అందిస్తాను. నెలన్నర రోజులు అలా కూర్చున్నాం. నడుము నొప్పి వచ్చినా షావుకారి మాట గుర్తొస్తే మళ్లీ లేచి కూర్చునేదాన్ని. అంత బాగా కుదిరిన చీర మా మగ్గం మీద నేను చూడలేదు.

పత్రిక చూశాక తుకారాం ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దగ్గర పెట్టుకుని చూశాడు, దూరం పెట్టుకుని చూశాడు. తర్వాత చీర వంక చూశాడు.

“రాణమ్మ కట్టిన రంగు అన్నదన్నట్టు” అన్నాడు మెల్లగా.

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, నాకు తిరిగి తిట్టడానికైనా వీలుండేది. ఆ రాత్రి ఇద్దరం సరిగా తినలేదు.

“ఫోన్ చేసి చెప్పేసెయ్. ఇంక ఒక్క దినమే ఉన్నది” అన్నాడు పొద్దున.

“ఫోన్ల చెప్తే వద్దు అంటది. చీర కండ్లతోని చూసి, చేతుల పట్టుకోని, అప్పుడు వద్దనమను.”

“వద్దంటే?”

“వద్దంటే వాపస్ తెస్త. నాకు బస్సు ఉట్టిదే గద” అన్నాను. నవ్వించాలని అన్నాను కానీ ఆయన నవ్వలేదు. చీరను తానే మడత పెట్టి, పంచెలో చుట్టి, సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నేనొక్కదాన్నే బయలుదేరాను.

బస్సులో ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. బీచుపల్లి వంతెన మీదికి రాగానే ఎప్పుడూ కృష్ణమ్మకు దండం పెట్టుకుంటాను. ఆ రోజు రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి, మనసులోనే పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె “ఏడికి పోతున్నవ్ అక్కా” అని మాట కలపబోయింది. ముక్తసరిగా చెప్పి ముఖం తిప్పుకున్నాను. వనపర్తిలో బస్సు మారాను. టీచరమ్మకు ఏం చెప్పాలో దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చాను. ఏది అనుకున్నా చివరికి ‘నాది తప్పే’ అన్న దగ్గరికే వచ్చి ఆగుతోంది. నాకు ఆ మాట అలవాటు లేదు.

బడికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. మర్నాడే పండుగ. వరండా నిండా కుర్చీలు, హాల్లో బంతిపూల దండలు. ఆడపిల్లలంతా లేత నీలం యూనిఫాంలో అటూ ఇటూ తిరుగుతున్నారు. సుభద్రమ్మ టీచరు ఎదురొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. పక్కన ఇప్పటి పెద్ద టీచరు మాలతి మేడం ఉంది.

“వచ్చినవా కమలమ్మా! నీకోసమే చూస్తున్నం. గిదిగో, నలభై మందిమి పాత పిల్లలమంత నీలం చీరలే తీస్కున్నం, రాణమ్మకు తోడు” అని టీచరమ్మ తను కట్టుకున్న చీర కొంగు చూపించింది.

నేను సంచిని వెనక్కి దాచుకున్నాను.

“మా యూనిఫాం గూడ అందుకే నీలం” అంది మాలతి మేడం. “ఇంతకుముందు తెల్లది ఉండెనంట. టీచరమ్మ ఉన్నప్పుడే, రాణమ్మకు ఇష్టమైన రంగు అని మార్పించిన్రు.”

హాల్లో రాణిగారి పటాలు రెండున్నాయి. పాతది పడమటి కిటికీకి ఎదురుగోడకు వేలాడుతోంది, నల్ల చెక్క చట్రం, మురికి అద్దం. కొత్తది దాని పక్కనే, రెండింతలు పెద్దది, నిగనిగలాడుతోంది. నాగర్‌కర్నూల్లో ఫ్లెక్సీలు, ఫోటోలు అచ్చువేసే అనిల్ అనే ఆయన తయారు చేసి తెచ్చాడు. స్టూలు మీద నిలబడి మేకులు కొడుతున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. రెండు పటాల్లోనూ రాణిగారు నీలంలోనే ఉన్నారు. కొత్తదాంట్లో ఇంకా ముదురు నీలం.

ఇక దాచి లాభం లేదు. బల్ల మీద పంచె విప్పి చీర పరిచాను.

హాల్లో ఉన్నవాళ్లంతా బల్ల చుట్టూ చేరారు. ఆ చీర అంత బాగుంది. ఆ తర్వాత టీచరమ్మ ముఖంలో రంగు మారింది.

“ఇదేంది కమలమ్మా?”

“రాణి రంగు అన్నరు గద టీచరమ్మా. మాకు రాణి రంగు అంటె గిదే.”

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూర్చుంది. కోప్పడుతుందని చూశాను. కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“నేను నలభై ఏండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన. మాటకు రెండు అర్థాలు ఎట్లుంటయో చెప్పిన. ఈ ఒక్క మాటకు తెలుసుకోలేకపోయిన” అంది. “నీ తప్పు లేదు. నా తప్పు గూడ లేదనుకుంట. కానీ చీర పెట్టలేనమ్మా. రేపు వచ్చినోళ్లందరు పటం చూస్తరు, చీర చూస్తరు. ఇదేం చీర అంటరు.”

“పాపం, ఎంత దూరం నుంచి వచ్చింది” అంది మాలతి మేడం. ఆ పాపం అన్న మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

“వచ్చే ఏడాది వార్షికోత్సవానికి చూద్దాం తియ్” అంది టీచరమ్మ. మంచి మనసుతోనే అంది. కానీ అది వద్దని చెప్పడమే. షావుకారి మెట్లు నా కళ్ల ముందు కనిపించాయి. అడుగున ఎడమ పక్క విరిగిన మెట్టుతో సహా.

చీర మడవడానికి వంగాను. అద్దాల పెట్టె ఖాళీగా ఉంది, లోపల బల్బు కూడా వెలుగుతోంది. కోపమొచ్చింది. ఎవరి మీదనో తెలియదు. నా మీద, ఆ రాణిగారి మీద. అంత మంచి రంగు ఉండగా నీలం ఎందుకు కట్టుకున్నావమ్మా అని తలెత్తి కొత్త పటం వంక చూశాను. రాణిగారు నన్నే చూస్తున్నట్టు ఉన్నారు. నుదుట ఎర్రగా, గుండ్రంగా బొట్టు. తర్వాత పాత పటం వంక చూశాను. అద్దం మీద వెలుతురు పడుతోంది, సరిగా కనబడలేదు. దగ్గరికి పోయి కొంగుతో తుడిచి చూశాను.

అక్కడే నిలబడిపోయాను.

“ఏం బిడ్డా” అని అనిల్‌ను పిలిచాను. “ఈ కొత్త పటం నువ్వే చేసినవా?”

“అవునమ్మా. పాతది మస్తు వెలిసిపోయింది. అద్దం మీదికెళ్లే ఫోటో కొట్టి, కంప్యూటర్ల రంగు పెంచిన. చీర లేత నీలం ఉండె, ముదురు చేసిన.”

“బొట్టు?”

“బొట్టా?”

“పాత పటంల బొట్టు ఏ రంగుల ఉన్నది?”

ఆయన స్టూలు దిగి వచ్చి చూశాడు. “నీలిగ ఉండెనమ్మా. అది మంచిగ లేదని నేనే ఎర్రగ దిద్దిన.”

“ఎందుకు దిద్దినవ్? నిన్నెవ్వలన్న దిద్దమన్నరా?”

“బొట్టు ఎర్రగనే ఉంటది గదమ్మా. అది ఒకళ్లు చెప్పాల్నా?”

“మరి రాణమ్మ నీలం బొట్టు పెట్టుకున్నదా?”

అనిల్ పటం మీదికి ఇంకాస్త వంగి చూశాడు. సుభద్రమ్మ టీచరు కుర్చీలోంచి లేచింది. పటం ముందుకు వచ్చి, తెలియకుండానే తన నుదుటి మీది కుంకుమను వేలితో తాకింది.

“బొట్టొక్కటే కాదు టీచరమ్మా” అన్నాను. “పెదవులు చూడున్రి. చేతి మీది గోరింట చూడున్రి. అంత నీలిగనే ఉన్నది. ఎర్రదనం అన్నదే లేదు ఈ పటంల. ఏడికి పోయింది ఎర్రదనం?”

“ఇన్నేండ్లు చూసిన” అంది ఆమె నెమ్మదిగా. “రోజు ప్రార్థనల దండం పెట్టిన. ఒక్కనాడు గూడ బొట్టు దిక్కు చూడలే.”

నాకు మాటలు తన్నుకొచ్చాయి. మా షావుకారి దుకాణంలో గిరాకీ కోసం ముందు వరుసలో వేలాడదీసిన చీరలు ఎండకు ఏమవుతాయో చెప్పాను. అన్నిటికంటే ముందు ఎర్రదనమే పోతుంది. గులాబీ, రాణి, కుంకుమ రంగులు పాలిపోయి చూపరులకు ఇంకో చీరలా కనబడతాయి. వాటి అసలు రంగు తెలియాలంటే మడత విప్పి లోపల చూడాలి. ఎండ తగలని చోట రంగు అలాగే ఉంటుంది. “ఈ పటానికి పడమటి ఎండ ఎన్నేండ్ల సంది తగులుతుందో మీరే చెప్పున్రి” అన్నాను.

“పటానికి మడత ఏడుంటది?” అంది మాలతి మేడం.

“చట్రం కింద.”

నిజం చెబుతాను, నాకు పూర్తి నమ్మకం ఉండి అనలేదు. సగం మొండితనం. చట్రం కింద కూడా నీలమే ఉంటే? అప్పుడు నేను చీర తప్పు నేసిన మనిషినే కాదు, వందేళ్ల పటం విప్పించిన మనిషిని కూడా అవుతాను. కానీ ఖాళీ అద్దాల పెట్టె చూస్తూ మడత పెట్టుకుని వెళ్లిపోవడం నావల్ల కాలేదు.

మాలతి మేడం ఒప్పుకోలేదు. స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువనీ, ట్రస్టు వాళ్లను అడగకుండా ముట్టుకోకూడదనీ అంది. అనిల్ ఫోటో తీసేటప్పుడు కూడా అందుకే అద్దం విప్పనివ్వలేదట. టీచరమ్మ ఆమె చేయి పట్టుకుంది.

“మాలతీ, నువ్వు నా దగ్గర చదువుకున్నవా లేదా?”

“చదువుకున్న టీచర్.”

“రిజిస్టరు తే. నేను సంతకం పెడ్త.”

పటాన్ని కిందికి దించి బల్ల మీద బోర్లా పెట్టారు. వెనకాల అట్ట, దాని చుట్టూ తుప్పు పట్టిన చిన్న మేకులు. అనిల్ ఒక్కొక్కటి పటకారుతో లాగాడు. ఒక మేకు విరిగింది. మాలతి మేడం “జర మెల్లగ” అని నాలుగుసార్లు అంది. అట్ట తీశాక దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు రాలాయి. అనిల్ రెండు అరచేతులతో కాగితాన్ని కింది నుంచి ఎత్తి, తిప్పి, నెమ్మదిగా బల్ల మీద పరిచాడు.

నడుమంతా లేత నీలం. కానీ నాలుగు వైపులా చట్రం కప్పిన చోట, వేలెడు వెడల్పున, వేరే పటం ఉంది. పైన నీలంగా కనబడిన తెర అంచు దగ్గర పండుమిరప ఎరుపు. పక్కన కుర్చీ కోడు దగ్గర బంగారు పసుపు. అడుగున, రాణిగారి పాదాల దగ్గర, చీర కుచ్చిళ్లు చట్రం కిందికి పోయిన చోట...

మేము నేసిన చీర కొంగు తెచ్చి ఆ అంచు పక్కన పెట్టాను.

రాణి రంగు. అచ్చంగా మా రాణి రంగు.

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు కళ్లలో నీళ్లు వచ్చేశాయి. పదిమందిలో ఏడవడం నాకు చచ్చేంత సిగ్గు. అయినా ఆగలేదు. టీచరమ్మ నా భుజం మీద చేయి వేసింది. ఆమె కళ్లద్దాల వెనక కూడా తడే.

“మా చీర జర ముదురైంది టీచరమ్మా” అన్నాను ముక్కు తుడుచుకుంటూ. ఉన్నమాట చెప్పాలి కదా. “అద్దకం ఆయన చెయ్యి బరువు.”

“ముదురే మంచిగున్నది. రాణమ్మ చూస్తె ఇదే కట్టేది” అంది ఆమె.

అనిల్ మాత్రం తల పట్టుకున్నాడు. ఆయన కొత్త పటం గోడ మీద ముదురు నీలంలో మెరిసిపోతోంది. “రేపటి వరకు కొత్తది అచ్చువేసి తేవాలె. నేనైతే బొట్టు దిద్దిన, గాని చీర గురించి ఆలోచనే రాలే” అని తనను తానే తిట్టుకుంటూ, చట్రం కింది రంగులను ఫోటోలు తీసుకున్నాడు. మా చీరను కూడా తీసుకున్నాడు. కంప్యూటర్లో రంగు సరిపోల్చడానికి పనికొస్తుందట. పొద్దున కల్లా పటంతో వస్తానని చెప్పి బండి తీశాడు.

అప్పుడు మాలతి మేడం మెల్లగా అంది, “టీచర్, మరి నలభై నీలం చీరలు?”

టీచరమ్మ తన కొంగు వంక చూసుకుంది.

“యూనిఫాం?” అంది మాలతి మేడం మళ్లీ.

వరండాలో వందల మంది ఆడపిల్లలు లేత నీలంలో తిరుగుతున్నారు. వెలిసిపోయిన కాగితం చూసి బడి మొత్తానికి కుట్టించిన నీలం. టీచరమ్మ ముందు పెదవులు బిగపట్టింది, తర్వాత ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు మా అందరికీ అంటుకుంది. కడుపు పట్టుకుని నవ్వాం. పిల్లలు తలుపు దగ్గర గుమిగూడి, పెద్దవాళ్లకు ఏమైందని చూశారు.

“పిల్లలకు చెప్పకు. రేపే అందరికి రాణి రంగు కావాలంటరు” అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఊరి పేరు నేనెందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది కదా.

చీరను అద్దాల పెట్టెలో నేనే పెట్టాను. కొంగు ముందుకు పరిచి, కోటకొమ్మ అంచు కనబడేలా కుచ్చిళ్లు సర్దాను. కమిటీలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నా నెంబరు రాసుకున్నారు. టీచరమ్మ ఒక తెల్ల అట్ట, నల్ల స్కెచ్ పెన్ను తెచ్చుకుని బల్ల ముందు కూర్చుంది.

“కింద ఏం రాయాలె కమలమ్మా?”

“గద్వాల చీర అని రాయున్రి.”

“అది చూస్తెనే తెలుస్తది. ఎవరు నేసిన్రు?”

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. చీర కింద రాసేది దుకాణం పేరు. నేను పుట్టి బుద్ధి ఎరిగినప్పటి నుంచీ అంతే.

“మా ఆయన నేసిండు. తుకారాం.”

“నువ్వు?”

“నేను పక్కన కూసుంట. నాడె అందిస్త.”

“నువ్వు అందియ్యకపోతే చీర అయితదా?”

“కాదు” అన్నాను. అది నిజమే.

ఆమె నల్లబోర్డు మీద రాసినట్టు గుండ్రని అక్షరాలతో రాసింది. అట్టను అద్దాల పెట్టె ముందు నిలబెట్టింది. నేను వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. పొద్దుటి నుంచీ ఫోను చేతిలోనే పెట్టుకుని ఉన్నట్టున్నాడు.

“ఏమన్నరు?”

“పెట్టిన్రు. అద్దాల పెట్టెల.”

బొట్టు సంగతి, చట్రం సంగతి గబగబా చెప్పాను. సగం విన్నాడో లేదో తెలియదు.

“కింద పేర్లు గూడ రాసిన్రు” అన్నాను.

“షావుకారుదా?”

“ఆయనది ఎందుకుంటది? ఆగు, సదువుత.” తలుపు దగ్గరికి జరిగి, లోపలి అట్ట చూస్తూ చదివాను. “నేసినవారు, తుకారాం, కమల. గద్వాల.”



“ఇంకోపారి సదువు” అన్నాడు.

వేరే రోజైతే చెవుడా అని కసిరేదాన్ని. అట్టకు ఇంకొంచెం దగ్గరగా పోయి, అక్షరం అక్షరం విడదీసి, మళ్లీ చదివాను.